ఈర్పెన ఏడ పోయింది?

మా జక్రాన్‌పల్లిలో ఇప్పుడు ఏ ఇంటికి పోయి అడిగినా ఈర్పెన దొరకదు. అద్దం ముందు రంగురంగుల దువ్వెనలుంటయి, జుట్టు సాపు చేసే కరెంటు మిషన్ ఉంటది, నాలుగు రకాల నూనె సీసాలుంటయి. ఈర్పెన మాత్రం ఉండదు. కిరాణా దుకాణంలో అడిగితే గల్లా మీది పిలగాడు "గదేంది అమ్మమ్మా?" అని రెండు షాంపూ పొట్లాలు తీసి చేతిలో పెట్టిండు. వాణ్ని ఏమనాలె? వాడు పుట్టినంక వాళ్ళింట్ల ఎవరూ ఎవరి తలా చూసి ఉండరు.

ఈర్పెన పోయింది గానీ పేలు పోలేదు. నా కోపమంతా అక్కడే. సాయంత్రం బడి విడిచినంక రోడ్డు పక్క ఆటోల కోసం నిలబడ్డ ఆడపిల్లలను గమనించండి. రెండు జడలు, రిబ్బన్లు, ఇస్త్రీ బట్టలు, మెడలో ఐడీ కార్డు. ఒక చెయ్యి మాత్రం మాటిమాటికి చెవి వెనకకే పోతుంటది. తల్లిని పిలిచి చెప్తే "పేన్లెక్కడియి టీచరమ్మా, చుండ్రు" అంటది. ఉద్యోగమంతా సర్కారు బడి పిల్లల మధ్యనే గడిపినదాన్ని. చుండ్రుకు గోక్కునే తీరు వేరు, పేనుకు గోక్కునే తీరు వేరు.

మా రోజుల్లో పేలుండుడు వింత కాదు, పేలు చూడకపోవుడు వింత. పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ పునాదిరాయి వేసిన 1963 నాటికి నేను బడికి పోయే పిల్లను. ఐతారం పూట మా వాడలో ఏ అరుగు చూసినా ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూర్చొని ఉండేవాళ్ళు. పై మెట్టు మీద ముసలవ్వ, ఆమె ముందర కోడలు, కోడలు ముందర ఆడబిడ్డ, అందరికన్న కింద పిల్లలు. పైనున్నామె కిందామె తల చూసేది. మా దిక్కు ఆడవాళ్ళ చేతులకు తీరిక ఎక్కడిది? పొద్దంతా ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. వెయ్యి బీడీలు చుట్టేదాకా మెడ ఎత్తేది లేదు. అయినా ఐతారం పొద్దు వంగేసరికి చాట గోడకు ఆనించి పిల్లల తలలు ముందరేసుకునేవాళ్ళు. పసుపు ఉడకబెట్టే కాలమైనా, చెరుకు కొట్టే కాలమైనా ఆ పని ఆగేది కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో ఉండే మా మేనత్త పండుగకు వస్తే సంచి దించి నీళ్ళు తాగి, మొదలు మా తలలే చూసేది. "వచ్చుడు వచ్చుడే పేన్లా?" అని మా అవ్వ అంటే, "పోరి తల చూస్తే తెలుస్తది వదినా, నువ్వు ఎట్ల సాకుతున్నవో" అనేది. ఇప్పుడు ఏ ఆడబిడ్డైనా ఆ మాట అంటే రెండిండ్ల మధ్య రాకపోకలు బంద్ అయితయి. అప్పుడు మా అవ్వ ఇంకో పీట తెచ్చి పక్కన కూర్చొని, రెండో పిల్ల తల పట్టుకునేది.

చూడని వాళ్ళ కోసం చెప్తున్న. ఈర్పెన అంటే వేలెడు పొడుగు కట్టె దువ్వెన, రెండు పక్కలా పండ్లు. సందు ఎంత సన్నగుండాలంటే వెంట్రుక దూరాలె గానీ పేను దూరొద్దు, ఈరు జారొద్దు. పూసలామె గంప నెత్తిన పెట్టుకొని ఊరికి వస్తే సూదులు, పిన్నీసులు, పూసల దండలతోపాటు ఇవి కూడా తెచ్చేది. మా అవ్వ ఒక్కొక్కదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూసేది. ఒక్క పన్ను విరిగి ఉన్నా పక్కకు పెట్టేది, ఆ సందులోంచే పేను తప్పించుకుంటదని.

దువ్వేదానికి ఒక పద్ధతి ఉండేది. ముందుగాల తలకు నూనె దట్టంగా పట్టించి మామూలు దువ్వెనతో చిక్కు తీయాలె. నూనె పట్టిన తలలో పేను తొందరగా ఉరకలేదు. ఒడిలో తెల్ల పంచె ముక్క పరవాలె. జుట్టు పాయలు పాయలుగా విడదీసి, ఈర్పెన పండ్లను నెత్తి తోలుకు ఆనించి, మొదలు నుంచి కొస దాకా ఒక్క ఊపున లాగాలె, మధ్యలో ఎత్తొద్దు. లాగిన ప్రతిసారీ ఆ పంచె ముక్కకు తుడవాలె. తెల్ల బట్ట మీద చిన్న చుక్క కదిలిందా, బొటనవేలి గోరు మీద పెట్టి ఇంకో గోరుతో కుక్కుడే. మొదలు చెవుల వెనక, తర్వాత మెడ గుంట, ఆఖరుకు నడినెత్తి. పిల్ల ఏడిస్తే కథ చెప్పేవాళ్ళు. రాజులు, రాక్షసులు, ఏడుగురు అన్నదమ్ముల చెల్లెలు, అన్నీ మాకు అట్లనే తెలిసినయి. ఎవరింట్ల బియ్యం నిండుకున్నయో, ఎవరి మొగడు తాగొచ్చి కొట్టిండో కూడా ఆ మెట్ల మీదనే తెలిసేది, సాయం కూడా అక్కడినుంచే పోయేది.

ఇప్పటి తల్లులకు తీరిక లేదంటరు. లేదని నాకు తెలుసు. బీడీల పని ఇంకా ఉంది, మొగడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటడు, అత్తమామల మందులు, పొలం, బ్యాంకు, గ్రూపు మీటింగు అన్నీ ఆమె నెత్తి మీదనే. కానీ రాత్రి అన్నాలైనంక ఫోను చూసేదానికి దొరికే గంట, వారానికి ఒక్కసారి పిల్ల తల చూసేదానికి ఎందుకు దొరకదు? పిల్లలు కూడా అంతే. నలుగురు ఒకే ఫోను మీద తలలు ఆనించి కూర్చుంటరు. పేనుకు రెక్కలు లేవు, అది ఎగరదు, దుంకదు. ఒక తల ఇంకో తలకు ఆనితే పాక్కుంటూ పోతది, దానికి ఉన్న తొవ్వ అదొక్కటే అనుకోవచ్చు. దువ్వెనతోనో తువ్వాలతోనో అంటుకునేది తక్కువ. మేము అరుగు మీద తలలు ఆనించి కూర్చున్నా, అదే అరుగు మీద వాటిని ఏరి పారేసేవాళ్ళం. ఇప్పటి వాళ్ళు ఆనించుడే గానీ ఏరుడు లేదు.

ఈ సన్న పండ్ల దువ్వెన మా అవ్వల తెలివి ఒక్కటే కాదు. ఇజ్రాయెల్‌లోని లాకీష్ అనే పాత నగరం తవ్వకాల్లో 2016లో ఏనుగు దంతపు చిన్న దువ్వెన దొరికింది. క్రీస్తు పూర్వం 1700 ప్రాంతానిదని పండితుల లెక్క. దాని మీద గీసిన సన్నటి అక్షరాలను 2022లో చదివిండ్రు. జుట్టులోని, గడ్డంలోని పేలను ఈ దంతం పెరికెయ్యాలని కోరుకున్న మాట బయటపడ్డది. కనాను దేశపు అక్షరాల్లో ఇప్పటిదాకా దొరికిన పూర్తి వాక్యాల్లో అదే మొదటిదంటున్నరు. పండ్ల సందులో పేను పిల్ల తాలూకు పొర కూడా మిగిలి ఉందట. ఈజిప్టు మమ్మీల వెంట్రుకలకు కూడా ఈర్లు దొరికినయి. ఇన్ని వేల ఏండ్లు మనిషి చేతిలో ఉన్న వస్తువును మనం ఒక్క తరంలో పారేసుకున్నం, పొట్లంలో షాంపూ వచ్చిందని.

అసలు పేలు ఉన్నయో లేవో ఎట్ల తెలుసుకోవాలనేది కూడా ఇప్పటి తల్లులకు ఎవరూ చెప్తలేరు. పేను పెద్దదైతే నువ్వుగింజంత. ఆరు కాళ్ళు, బూడిద రంగో గోధుమ రంగో, రక్తం తాగినంక ముదురు ఎరుపు. వెలుతురు పడితే పక్కకు ఉరుకుతది, అందుకే వట్టి కండ్లతో వెతికితే తప్పిపోతది. నూనె పెట్టిన తలనో తడి తలనో సన్న దువ్వెనతో దువ్వితేనే దొరుకుతది. ఈరు మాత్రం కదలదు. వెంట్రుకకు ఒక పక్క వాలుగా అతికి ఉంటది. వేళ్ళతో పట్టి లాగితే చుండ్రు పొట్టు జారి వస్తది, ఈరు రాదు, గోటితో గీకితే తప్ప. బతికిన ఈరు నెత్తికి పావు అంగుళం లోపల, కొద్దిగా గోధుమ రంగులో ఉంటది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు దాకా పెరుగుతది కాబట్టి నెత్తికి దూరంగా తెల్లగా మెరిసేవి పిల్ల బయటికొచ్చినంక మిగిలిన ఖాళీ పెంకులు. అవి చూసి గాబరా పడి మందు పెట్టే పని లేదు. బతికి కదిలే పేను ఒక్కటి దొరికితేనే పేలు ఉన్నట్టు.

దురద ఉంటేనే పేలని కూడా అనుకోవద్దు. మొదటిసారి పేలు పడ్డ పిల్లకు దురద మొదలయ్యేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఆ దురద పేను ఉమ్మికి ఒళ్ళు తిరగబడడం వల్ల వచ్చేది. అప్పటిదాకా పిల్ల హాయిగా ఆడుకుంటది, పక్క పిల్లకు ఇస్తనే ఉంటది. రాత్రి నిద్రలో పొర్లుడు, మెడ మీద ఎర్రటి పొక్కులు, గోకి గోకి పుండ్లు పడి చీము పట్టుడు, మెడ వెనక గడ్డల్లాగ బిళ్ళలు కట్టుడు, ఇవన్నీ ఆలస్యంగా కనబడే గుర్తులు. చీము పట్టినా, జ్వరం వచ్చినా దవాఖానకు తీసుకపోవాలె, అది ఇంటి వైద్యంతో తగ్గేది కాదు. ఇంకొకటి. తల మీద రూపాయి బిళ్ళంత జాగాలో వెంట్రుకలు నున్నగా ఊడిపోతే మన దిక్కు పేనుకొరుకుడు అంటరు. దానికి పేనుకు సంబంధం లేదు. అది ఒంట్లోని రక్షణ శక్తి వెంట్రుక కుదుళ్ళ మీదికే తిరగబడే జబ్బు. దానికి పేల మందు పెడితే పైసలు దండుగ.

మా రోజుల్లో అంతా మంచే జరిగిందని నేను చెప్పను. ఈర్పెన మంచిది, మందులు పాడువి. 1953లో దేశమంతటా మలేరియా కార్యక్రమం మొదలైనంక ఊరికి వచ్చి గోడలకు డీడీటీ కొట్టేవాళ్ళు. ఆ పొడి కొంచెం అడిగి తీసుకొని పిల్లల తలలకు రాసేవాళ్ళుండిరి. అంతకు ముందు 1943-44 చలికాలంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో లక్షల మంది మీద డీడీటీ పొడి చల్లి టైఫస్ జ్వరాన్ని ఆపిండ్రు. ఆ జ్వరాన్ని మోసేది బట్టల్లో బతికే ఒంటి పేను అని 1909లో షార్ల్ నికోల్ అనే ఫ్రెంచి డాక్టరు కనుక్కున్నడు, 1928లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తల పేను వేరు. అది రోగాలు మోసుకరాదు, దురదే దాని జబ్బు. ఆ తేడా తెలియక, పొడి అంటే అన్నిటికీ మందే అనుకున్నరు మనవాళ్ళు. తర్వాత గమాక్సిన్ వచ్చింది. పొలానికి చల్లగా మిగిలింది డబ్బాలో ఉంటే, అదే తలకు. ఆ గమాక్సిన్ అనే బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించిండ్రు. దాన్నుంచే తీసే లిండేన్ ఏండ్ల తరబడి మందుల దుకాణాల్లో పేల మందుగా అమ్ముడుపోయింది. నరాలకు చేటు చేస్తది, పిల్లలకు ఫిట్స్ తెప్పిస్తది. పొలాల్లో దాని వాడకం 2013 నుంచి మన దగ్గర బంద్. అది కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2015లో తేల్చింది.

గ్యాసునూనె, తంబాకు నానేసిన నీళ్ళు కూడా పెట్టేవాళ్ళు. పొయ్యి దగ్గరికి పోతే గ్యాసునూనె తల అంటుకుంటది. తంబాకు నీళ్ళలోని నికోటిన్ పిల్ల తోలులోంచి దిగి వాంతులు, కండ్లు తిరుగుడు తెస్తది. వీటన్నిటికన్న నాకు భయమైంది సీతాఫలం గింజల పొడి. గుట్టల మీది సీతాఫలాలు తిని గింజలు ఎండబెట్టి నూరి నూనెలో కలిపి పట్టిస్తే పేలు చస్తయి, నిజమే. కానీ ఆ నూనె చెంప మీదుగా కంట్లోకి కారిందంటే కనుగుడ్డు ముందరి అద్దంలాంటి పొర పుండు పడుతది, చూపు మసకబారుతది. కంటి దవాఖానల్లో ఇట్లాంటి కేసులు ఇప్పటికీ వస్తయని కంటి డాక్టర్లు రాసిండ్రు. పెద్దలు చెప్పిన వైద్యమని దాన్ని ఫోనులో వీడియోలు తీసి పంచుతున్నరు ఈ కాలం వాళ్ళు. పెద్దలు చెప్పిన దువ్వెనను విడిచిపెట్టి, పెద్దలు చెప్పిన విషాన్ని పట్టుకుంటిరి! పత్తికి, పసుపుకు కొట్టే పురుగుమందు పిల్ల తలకు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నరు. అది నెత్తి తోలులోంచి ఒంట్లోకి దిగి ఊపిరి ఆపేస్తది. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ మందు మిగిలిందని పిల్లకు వాడొద్దు. మనుషులకు అదే పేరుతో గోలీలు ఉన్నయి, దాన్ని కనిపెట్టిన వాళ్ళకు 2015లో నోబెల్ కూడా వచ్చింది. అవి పదిహేను కిలోల బరువు దాటిన పిల్లలకే, మిగతా మందులు పనిచేయనప్పుడే, డాక్టరు రాస్తేనే.

సరైన మందు ఉంది, ఖరీదు కూడా ఎక్కువ కాదు. పెర్మెత్రిన్ ఒక శాతం మందు. ఐదు శాతం ఉండేది గజ్జికి, రెండూ ఒకటి కాదు, సీసా మీది అంకె చదువుకొని తీసుకోవాలె. తలను మామూలు షాంపూతో కడిగి, కండీషనర్ పెట్టకుండ, తువ్వాలతో తుడిచి, తడి ఉండగనే మందును కుదుళ్ళ నుంచి కొసల దాకా పట్టించాలె. చెవుల వెనక, మెడ గుంట మరవొద్దు. కండ్లకు గుడ్డ అడ్డం పెట్టాలె. పది నిమిషాలకు కడగాలె. స్నానం చేయిస్తూ ఒంటి మీదికి కారనియ్యొద్దు, పిల్ల తలను బకెట్ మీదికి వంచి కడగాలె. తర్వాత ఒకటి రెండు రోజులు తలస్నానం వద్దు. రెండు నెలలు నిండని పసిపిల్లలకు ఈ మందు వద్దు, దువ్వుడొక్కటే. తల్లికి, చెల్లెకు, నాయనమ్మకు అందరికీ తల చూసి, పేలు దొరికిన వాళ్ళందరికీ ఒకే రోజు పెట్టాలె. పేను తల విడిచి ఒకటి రెండు రోజులకన్న ఎక్కువ బతకదు కాబట్టి ఇల్లంతా మందు కొట్టే పని లేదు. రెండు రోజుల కింది నుంచి వాడిన దిండు గలేబులు, తువ్వాలలు వేడినీళ్ళలో నానబెట్టి ఎండలో వేస్తే చాలు. కుక్కను, మేకను అనుమానించే పని అంతకన్నా లేదు, తల పేను మనిషి మీద తప్ప బతకదు.

ఇప్పటి వాళ్ళు ఇంతదాకా చేస్తరు. మందు పెడుతరు, పేలు చచ్చి రాలుతయి, సంబరపడుతరు. రెండు వారాలకు మళ్ళీ పేలు. "మందు నకిలీది" అంటరు, "బడిలోనే అంటింది" అంటరు. మందు పేనును చంపుతది, ఈర్లన్నిటినీ చంపదు. ఈరు పగలడానికి ఏడు నుంచి తొమ్మిది రోజులు. ఆ వచ్చిన పిల్ల పెద్దదై గుడ్డు పెట్టడానికి ఇంకో పది రోజులు. పెట్టడం మొదలుపెట్టిందా, ఆడ పేను రోజుకు ఆరు నుంచి పది దాకా పెడుతది, నెల రోజులు బతుకుతది. అంటే మొదటి మందు నాడు మిగిలిన ఈర్లు పగిలినంక, ఆ పిల్లలు గుడ్లు పెట్టక ముందు, రెండోసారి మందు పడాలె. అదే తొమ్మిదో రోజు. ఈ లెక్క తెలియకనే సగం తలలు మళ్ళీ పేలవుతున్నయి. మా అవ్వకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. కానీ ఆమె ప్రతి ఐతారం తల చూసేది. ఏడు రోజులకు ఒకసారి చూస్తే ఏ పేను పిల్లకూ గుడ్లు పెట్టే వయసు రాదు.

అమెరికాలో ఇప్పుడు పెర్మెత్రిన్‌కు లొంగని పేలు పెరిగినయి. మందు మీద మందు, లెక్కాపత్రం లేకుండ వాడితే ఎక్కడైనా అంతే. దువ్వెనకు లొంగని పేను మాత్రం ఇంకా పుట్టలేదు. మందు వద్దనుకున్న వాళ్ళు తడి తలకు కండీషనరో నూనెనో పట్టించి, మూడు రోజులకొకసారి, రెండు మూడు వారాలు విడవకుండ దువ్వితే మందు లేకుండనే పోతయి. ఓపిక కావాలె. ఓపికే కరువైంది.

మా రోజుల్లో లేనిది, ఇప్పుడున్నది ఇంకొకటి ఉంది, సిగ్గు. ఇది చెప్పాలంటే నాకు కడుపు రగులుతది. నిరుడు ఒక పొద్దుమూకిన వేళ పక్క వాడ నుంచి ఒక తల్లి బిడ్డను తోలుకొచ్చింది. ఐదో తరగతి పిల్ల. తలకు చున్నీ చుట్టి ఉంది. విప్పితే, నడుము దాకా ఉండే జడ లేదు. మెడ కాడికి వంకరటింకరగా కత్తిరించి ఉంది, బీడీ ఆకు కోసే కత్తెరతో. పిల్ల చదివే బడిలో అందరి ముందు వేరే బెంచీ మీద కూర్చోబెట్టి, పేలు పోయేదాకా రావొద్దన్నరట. తల్లి రాత్రికి రాత్రే కత్తెర పట్టింది. దుబాయిలో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో "జడ ఏది బిడ్డా?" అంటే పిల్ల ఫోను తిప్పి పెట్టిందట. నేను ఆ పిల్లను ముందర కూర్చోబెట్టుకొని చూస్తే, ఆ పొట్టి జుట్టులోనే పేలున్నయి, ఈర్లున్నయి. ఉండక ఏం చేస్తయి? పేనుకు జడతో పని లేదు, నెత్తికి ఆనుకొని ఉన్న పావు అంగుళం వెంట్రుక చాలు. లింబాద్రి గుట్టకో వేములవాడకో పోయి గుండు కొట్టిస్తే పేలు పోతయి గానీ కత్తెరతో పోవు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఏండ్ల సంది చెప్తున్నది. పేలున్నయని ఏ పిల్లనూ బడి నుంచి ఇంటికి పంపొద్దు, ఈర్లన్నీ పోయేదాకా రావొద్దనే నియమం పెట్టొద్దు అని. కారణం ఏమంటే, పేలు మనకు కనబడేనాటికి ఆ పిల్ల తలలో నెల సంది ఉండే ఉంటయి. ఇవాళ మధ్యాహ్నం ఇంటికి తోలితే పక్క పిల్లకు ఒరిగేది లేదు, ఈ పిల్లకు పోయేది చదువు. సాయంత్రం తల్లికి చాటుగా చెప్పి, రాత్రి మందు పెట్టించి, తెల్లారి బడికి రమ్మంటే సరిపోతది. మేము బడిలో ఉన్నప్పుడు పిల్ల తలలో పేను కనబడితే ఇంటర్‌వెల్‌లో పక్కకు పిలిచి "అవ్వకు చెప్పు, ఐతారం చూడమను" అనేవాళ్ళం. అంతకు మించి గొడవ ఉండేది కాదు.

మురికి ఇండ్ల పిల్లలకే పేలు పడుతయనే మాట ఒకటి. పెద్ద బంగళాలో ఉండి ఏసీ వ్యానులో బడికి పోయే పిల్ల తల కూడా తలే. పేనుకు కావలసింది రక్తం. రోజూ తలస్నానం చేసిన తలైనా, వారానికి ఒకసారి చేసిన తలైనా దానికి ఒక్కటే. ఈ మాటలో మా రోజులు కూడా మంచివి కావు. ఫలానా వాడ పిల్లతో తల ఆనియ్యకు అని కులం చూసి చెప్పేవాళ్ళు అప్పుడూ ఉండిరి. అరుగుల మీద ఆడవాళ్ళు కూడా ఎవరి వాడలో వాళ్ళే కూర్చునేవాళ్ళు. అది అప్పుడూ తప్పే. ఇప్పుడు దాన్నే మంచి ఇంగ్లీషులో శుభ్రత అని చెప్పి, బీడీలు చేసేవాళ్ళ పిల్లను వేరే బెంచీ మీద కూర్చోబెడుతున్నరు.

హాస్టళ్ళ సంగతి వేరే చెప్పాలె. గురుకులాలు, కస్తూర్బా బడులు వచ్చి మా దిక్కు ఆడపిల్లలు చదువుకుంటున్నరు, దానికి నాకు సంతోషమే. కానీ వందల మంది పిల్లలు ఒకరి పక్కన ఒకరు పడుకునే చోట ఒక్క తలలో పేను ఉంటే గది గదంతా ఉంటది. అక్కడ అవ్వ లేదు, మేనత్త లేదు. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు బతుకమ్మకు పూలు పెడదామని జడ విప్పితే అప్పుడు తల్లి నెత్తి కొట్టుకుంటది. ఐతారం ఒక గంట ఈ పనికి కేటాయిస్తే సరిపోదా? పదో తరగతి పిల్లలు ఆరో తరగతి పిల్లల తలలు చూడొచ్చు, ఆరో తరగతి పిల్లలు పదో తరగతి వాళ్ళకు చూడొచ్చు. ఒక్కో గదికి నాలుగు స్టీలు పేల దువ్వెనలు, మెడికల్ షాపుల్లో దొరుకుతయి, వేడినీళ్ళలో వేసి తీస్తే ఎన్ని తలలకైనా పనికొస్తయి. దొరికిన వాళ్ళందరికీ ఒకే రోజు మందు. ఒక గదికి ఇవాళ, ఇంకో గదికి వచ్చే వారం అంటే కుదరదు, పాత గది నుంచి కొత్త గదికి పేలు తిరుగుతనే ఉంటయి. బడి తరఫున వచ్చే ఆరోగ్య సిబ్బందిని అడిగి మందు తెప్పించుకోవచ్చు. అడగాలంటే ముందు ఉన్నయని ఒప్పుకోవాలె గదా.

మగపిల్లల తలలు కూడా చూడాలె. ఆడపిల్లలకన్న తక్కువ ఉంటయి గానీ ఉండవని కాదు. అక్క తలకు మందు పెట్టి తమ్ముణ్ని విడిచిపెడితే, పది రోజులకు మళ్ళీ అక్క తలలోనే తేలుతయి.

ఈ ఐతారం సెల్‌ఫోను లోపల పెట్టి, మీ బిడ్డను వాకిట్లో వెలుతురున ముందర కూర్చోబెట్టుకోండి. తల తడిపి, ఒడిలో తెల్ల బట్ట పరిచి, చెవుల వెనక నుంచి మొదలుపెట్టండి. పేను దొరికితే బిడ్డను తిట్టకండి, జుట్టు కత్తిరించకండి, ఇంట్లో అందరి తలలూ చూడండి. మందు పెట్టిన రోజు గోడ మీది క్యాలెండర్‌లో తొమ్మిదో రోజుకు సున్న చుట్టి, ఆ రోజు మళ్ళీ మందు పెట్టి మళ్ళీ దువ్వండి.